ఎవరో ప్యాసింజర్

ఎంకయ్య తీసుకుపోయే బస్సు భూమక్క ఎక్కుతుందా, ఎక్కదా? ఆ వారమంతా ఎల్లారెడ్డిలో వాళ్ల వాడకట్టుకు అదే పెద్ద ముచ్చట. మహిళా సంఘం వాళ్లు బస్సు మాట్లాడుకుని, ఒక్క పగట్లో హైదరాబాద్‌లోని గుళ్లూ మసీదూ చర్చీ చూసి రావడం కూడా విశేషమే అనుకోండి. కానీ భూమక్క బస్సెక్కడం ముందు అదెంత! ఆమె ఎంకయ్యకు స్వయానా ఇల్లాలు. మొగుడు కండక్టరుగా ఉన్న బస్సులో ముప్పై ఏళ్లుగా కాలు పెట్టని ఇల్లాలు.

ఎంకయ్య ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. అన్నేళ్లూ కామారెడ్డి–ఎల్లారెడ్డి రూటే. రిటైరై రెండేళ్లయింది కానీ ఆయన లోపలి కండక్టరు మాత్రం రిటైరు కాలేదు. పెళ్లి పందిట్లోకి వెళ్లినా "ముందుకు జరుగుండ్రి, ఎనుక ఖాళీ ఉన్నది" అంటాడు. బంతిలో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టందే విస్తరి ముట్టడు. ఊరికి ఆయనంటే నవ్వులాట, నమ్మకం, రెండూ ఉన్నాయి. సంఘం ఆడవాళ్లకు హైదరాబాద్ చూపించే మనిషి కావలసి వచ్చినప్పుడు అందరి నోటా ఆయన పేరే వచ్చింది.

ఇక భూమక్క పంతం సంగతి. అది ఒక్క మాట దగ్గర మొదలైంది.

పెద్దబిడ్డ వినోద అప్పటికి చంకలో పిల్ల. భూమక్క లింగంపేటలో తల్లిగారింటి నుంచి వస్తూ మొగుడి బస్సే ఎక్కింది. ఎంకయ్య సంబరపడి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. టికెట్ పైసలు తర్వాత తానే వేసుకోవచ్చులే అని ఊరుకున్నాడు. సరిగ్గా ఆ తర్వాతి స్టేజీలోనే చెకింగ్ వాళ్లు ఎక్కారు. టికెట్ లేని ఆడమనిషి కనపడింది. "ఈమె ఎవరయ్యా?" అని అడిగాడు అధికారి. అప్పటికి ఉద్యోగం కొత్త. సస్పెండ్ అన్న మాట చెవిన పడితేనే బెదిరిపోయే రోజులు.

"ఎవరో ప్యాసింజర్ సార్. ఇప్పుడే ఎక్కింది" అన్నాడు. అని ఊరుకున్నాడా? భార్య వైపు తిరిగి, చెయ్యి చాపి, "ఏమ్మా, ఏడికి?" అని అడిగాడు.

భూమక్క ఆయన ముఖం వైపు చూసింది. కొంగు ముడి విప్పి చిల్లర తీసి, "ఎల్లారెడ్డికి" అంది. ఆయన టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె చెప్పింది ఒక్కటే: "ఇంగ నీ బస్సెక్క." ఎంకయ్య బతిమాలాడు. "ఉద్యోగం పోతుండె గదనే" అన్నాడు. "ఉద్యోగం నిలవెట్టుకున్నవ్ గదా, సంతోషం" అంది ఆమె.

అంతే. ఆ మాట మీద నిలబడింది మహాతల్లి. బస్టాండులో మొగుడి బస్సు వస్తే ముఖం అటు తిప్పుకునేది. ఎండలో గంట నిలబడైనా తర్వాతి బస్సు ఎక్కేది. అలాగని కాపురంలో లోటు చేసిందా అంటే, లేదు. ఆయన డ్యూటీలో ఉన్న ప్రతిరోజూ వేడివేడి రొట్టెలు చేసి, సద్ది టిఫిన్ గిన్నెలో పెట్టి, పదకొండు గంటల బస్సులో డ్రైవరు చేతికిచ్చి కామారెడ్డికి పంపేది. ఎంకయ్య అక్కడ బస్టాండులో ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని తినేవాడు. గిన్నె ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో తిరిగింది, ఆమె తిరగలేదు. కోపం వచ్చినప్పుడు మాత్రం ఈనాటికీ "కండక్టర్ సారూ" అంటుంది. ఆ పిలుపు వింటే ఎంకయ్యకు లోపల ముల్లు కదిలినట్టుంటుంది.

అందుకే ఈ యాత్ర ఆయనకు చావో రేవో అయింది. రెండు నెలలు రెండువందల పేజీల నోటుబుక్కు నింపాడు. ఏ గుడి ఎప్పటిది, ఏ మసీదు ఎవరు కట్టించారు, చెప్పులు ఎక్కడ విడవాలి, అన్నీ రాసుకున్నాడు. ఊరందరి ముందూ బాగా చెప్పి, భూమక్క నోట ఒక్క మంచి మాట అనిపించుకోవాలి. ఆయన కోరిక అదొక్కటే. నాలుగు రోజులు బతిమాలగా చివరికి ఆమె మెత్తబడింది.

"వస్త. గని నన్ను టికెట్ అడిగితే మటుకు నడిరోడ్డు మీద దిగిపోత" అంది.

"నీకు టికెట్ ఏందే, బస్సే నీది" అన్నాడు ఎంకయ్య పొంగిపోతూ. 

"ఇంగోటి. పోయేటప్పుడో వచ్చేటప్పుడో కామారెడ్డి బస్టాండుల జర ఆపు. నువ్వు సద్ది తినే బల్ల సూస్త."

ఎంకయ్యకు నవ్వొచ్చింది. "మక్కా మసీదు సూపిస్త, బిర్లా మందిర్ సూపిస్త అంటుంటే బస్టాండుల బల్ల సూస్తనంటవేందే!" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

తెల్లవారుజామున బస్సు దగ్గర ఎంకయ్య దర్జా చూడాలి. మెడలో విజిల్, చేతిలో పాత టికెట్ల పంచ్. అట్టముక్కలు కత్తిరించి ఒకటి నుంచి ముప్పై నాలుగు దాకా నంబర్లు వేశాడు. ఒక్కొక్కరికీ చిల్లు కొట్టి మరీ ఇచ్చాడు. "ఇదే మీ టికెట్. నేను నంబర్ పిలుస్త, మీరు 'ఉన్న' అనాలె. తప్పిపోతే ఉరుకులాడకుండ్రి. ఏడున్నోల్లు ఆడనే ఉండుండ్రి, నేనొస్త" అన్నాడు. శాంతవ్వకు ఒకటో నంబరు వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి, ఆ అట్టముక్కను జాకెట్లో దాచుకుని తిరుపతి లడ్డూ దొరికినంత సంబరపడింది. భూమక్క టికెట్ లేకుండా, పాత టిఫిన్ గిన్నె ఒడిలో పెట్టుకుని, వెనక సీట్లో శాంతవ్వ పక్కన కూర్చుంది. లెక్క ముప్పై నాలుగు సరిపోయింది. విజిల్ మోగింది. "రైట్ రైట్!"

మెదక్ మీదుగా పోతే దగ్గరన్నా అని డ్రైవర్ దేవేందర్ గొణిగాడు. ఎంకయ్య వింటేనా? ఆయనకు తన రూటు మీదే నమ్మకం. లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి మీదుగానే పోనిచ్చాడు. లింగంపేట దాటుతుంటే ఓరగా వెనక సీటు వైపు చూశాడు. భూమక్క కిటికీలోంచి చూస్తోంది. ముఖంలో ఏమీ తెలియలేదు.

"లష్కర్ మహంకాళి స్టేజీ! ఇరవై నిమిషాల స్టాపింగ్!" అని ఎంకయ్య అరిచేసరికి సికింద్రాబాద్‌లో ఆ గుడి ముందు పూలమ్మేవాళ్లు కూడా తిరిగి చూశారు. అమ్మవారి చరిత్ర నోటుబుక్కు చూడకుండా గడగడా చెప్పాడు. చెప్తున్నంతసేపూ కళ్లు భూమక్క మీదే. ఆమె అమ్మవారి వైపు చూసి దండం పెట్టుకుంటోంది.

"ఏం మొక్కినవే?" అని అడిగాడు బయటికి వచ్చాక.

"నీకెందుకు? నువ్వు గైడువు."

బిర్లా మందిర్‌లో ఫోన్లు పట్టుకుపోనివ్వరు. ఎంకయ్య అందరి ఫోన్లూ ఒక సంచిలో వేయించి కౌంటర్లో ఇచ్చాడు. పాలరాతి మెట్ల మీద నిలబడి, ఈ గుడిలో గంటలు ఉండవనీ, మనసులోనే ధ్యానం చేసుకోవాలనీ చెప్పాడు.

"గంట కొట్టకుంటే దేవుడు లేస్తడానె?" అని శాంతవ్వ అనుమానపడింది.

"మనం నాలుగు గొట్టంగ లేచినం గదా, ఆయనకేం పుట్టింది?" అంది భూమక్క. అందరూ నవ్వారు. ఎంకయ్య కూడా నవ్వాడు కానీ రెండు నెలలు చదివిన తన మాటలకు ఆ నవ్వులో సగం కూడా రాలేదని కాస్త ఉక్రోషం. బస్సెక్కాక నంబర్ పిలిచి ఎవరి ఫోన్ వాళ్లకిచ్చాడు. ముప్పై నాలుగూ ఇచ్చాక సంచి భుజానికి తగిలించుకున్నాడు. అడుగున ఇంకో ఫోన్ మిగిలి ఉందని ఆయన చూసుకోలేదు.

గన్‌ఫౌండ్రీ చర్చిలో ఆడవాళ్లు మేరీమాతకు పసుపు కుంకుమ పెట్టొచ్చా అని గుసగుసలాడుకున్నారు. ఎంకయ్య వాళ్ల చేతికి కొవ్వొత్తులు ఇప్పించాడు. భూమక్క కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి ఎంకయ్య చెయ్యి అడ్డం పెట్టబోయేసరికి పన్నెండో నంబరు చెప్పు కనపడట్లేదని కేక వేసింది. ఆయన అటు పరుగెత్తాడు. భూమక్కే తన చెయ్యి తాను అడ్డం పెట్టుకుని వెలిగించుకుంది.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచుతున్నప్పుడు ఆమె టిఫిన్ గిన్నె చూపించింది. "రొట్టెలు జేసిన. తిను."

"ఆగవే, గింతమందిని సూసుకోవాలె" అన్నాడు ఎంకయ్య. ఆమె గిన్నె మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

చివరిది మక్కా మసీదు. అందరూ కొంగు తల మీదికి లాక్కున్నారు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో ఇటుకలు చేసి నడిమి కమానులో పెట్టారంటారని చెప్పాడు. పావురాలు ఒక్కసారిగా లేస్తే శాంతవ్వ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నీళ్ల హౌజు పక్కన రాతి బల్ల చూపించి ఎంకయ్య గొంతు సవరించుకున్నాడు. "గీ బండ మీద కూసున్నోల్లు ఎప్పటికైన మల్ల ఈడికి తిరిగొస్తరంట."

ఆ మాట ఆలస్యం, ఆడవాళ్లంతా ఎగబడ్డారు. ఎంకయ్య వరుసలో పెట్టి, నంబర్ ప్రకారం కూర్చోబెట్టి లేపాడు. ముప్పై నాలుగూ అయ్యాక భూమక్క వైపు చూశాడు. "నువ్వు గూడ కూసోవే."

"నేను సూడాలనుకున్న బల్ల ఇది గాదు" అంది ఆమె.

అప్పుడైనా బుద్ధి ఉన్న మగవాడికి వెలగాలి కదా? ఎంకయ్యకు వెలగలేదు. "టైమైంది, నడువుండ్రి, నడువుండ్రి" అన్నాడు.

సాయంత్రం అయిదున్నరకు కామారెడ్డి చేరారు. బస్టాండుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ముందు బస్సు ఆగింది. "పది నిమిషాలు!" అని అరిచాడు. హైదరాబాద్ మహానగరంలో ఒక్క తల తప్పకుండా తిప్పుకొచ్చాడు. ఆ గర్వంతో ఛాతీ ఉప్పొంగి ఉంది. ముప్పై నాలుగు చాయ్‌లు ఆర్డరిచ్చి గ్లాసులు అందిస్తుంటే భూమక్క పక్కకు వచ్చింది.

"గిదే గదా బస్టాండు. జర సూసొద్దాం రా" అంది.

"చక్కెర తక్కువ ఎవలకు? చక్కెర తక్కువ!"

"సరే, నేనే పోయొస్త."

"ఆఁ, ఆఁ" అన్నాడు ఎంకయ్య. ఆయన చెవులు విన్నాయి కానీ బుర్ర వినలేదు.

చాయ్ తాగడం అయింది. నంబర్లు పిలిచాడు. ఒకటి ఉన్న, రెండు ఉన్న... ముప్పై నాలుగు ఉన్న. విజిల్. "రైట్ రైట్!"

తాడ్వాయి దగ్గర పడుతుంటే ఆడవాళ్లలో సగంమంది కునుకు తీస్తున్నారు. ఎంకయ్య నోటుబుక్కు మూసి సంచిలో పెట్టాడు. పొద్దుటి నుంచీ నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట ఇప్పుడడగాలి. ఎట్ల జెప్పిన? బాగుండెనా? అంతే. కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి నడిచాడు. వెనక సీటులో ఆమె కప్పుకున్న శాలువా ఉంది. భూమక్క లేదు. టిఫిన్ గిన్నె లేదు.

"శాంతవ్వా! భూమి ఏది?"

ముందు సీటులో తూగుతున్న శాంతవ్వ ఉలిక్కిపడింది. "కడుపుల తిప్పుతున్నదని నేను ముందుకొచ్చిన కొడుకా. నీ తాన కూసున్నదనుకున్న."

"నేను నీ తాన కూసున్నదనుకున్న."

బస్సంతా లేచింది. "అందరున్నరంటివి గదా ఎంకన్నా!" అని ఎవరో అన్నారు.

"ఉన్నరు" అన్నాడు ఎంకయ్య. "టికెట్లున్నోల్లందరు ఉన్నరు."

ఫోన్ చేద్దామని సంచిలో చెయ్యి పెడితే అడుగున ఆమె ఫోన్ చల్లగా తగిలింది. దేవేందర్ అప్పటికే బస్సు పక్కకు ఆపాడు. "తిప్పుతనే. ఇరవై నిమిషాల పని."

"వద్దు. షుగరోల్లున్నరు, ముసలోల్లున్నరు. ఇండ్లకు తోల్కపో. మర్శిపోయింది నేను, నేనే పోత" అని ఎంకయ్య దిగిపోయాడు.

రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే పాల క్యాన్లు కట్టిన మోటార్ సైకిల్ ఒకటి ఆగింది. పక్క తండా బాబూలాల్. కామారెడ్డికి పాలు వేయడానికి పోతున్నాడు. "కండక్టర్ సార్! నీ బస్సులనే బడికి పోతుంటి నేను. ఎక్కు ఎక్కు" అన్నాడు. రెండు క్యాన్ల నడుమ ఎంకయ్య ఎలాగో ఇరుక్కున్నాడు.

"గిప్పుడు కామారెడ్డి ఏం పని సార్? ఏమన్న మర్శిపోయినవా?"

"ఆఁ... సామాను మర్శిపోయిన."

అనేశాడు. అన్నాక ఆ మాట గాలికి పోలేదు, చెవిలోనే ఉండిపోయింది. ఎవరో ప్యాసింజర్ సార్. ఇప్పుడే ఎక్కింది. ముప్పై ఏళ్ల కిందటి తన గొంతే తనకు వినపడింది. అప్పుడంటే చెకింగ్ అధికారి, సస్పెండ్ భయం. ఇప్పుడు ఏముంది? ఈ పాలబండి అతను తనను సస్పెండ్ చేస్తాడా? సిగ్గు. ఉట్టి సిగ్గు. నవ్వుతారని. ఛీ, నా బతుకు, అనుకున్నాడు ఎంకయ్య. బండి ఒక కిలోమీటరు పోయింది.

"బాబూలాల్!" అని గట్టిగా అరిచాడు. "సామాను గాదు. నా పెండ్లాన్ని మర్శిపోయిన!"

బండి వంకర్లు పోయింది. బాబూలాల్ నవ్వాలో వద్దో తెలియక కాసేపు దగ్గాడు. "గట్ల జెప్పాలె గదా సార్. పాలేమన్న ఉరుకుతయా" అని స్పీడు పెంచాడు. పాలు నిజంగానే క్యాను మూతలోంచి ఎంకయ్య ప్యాంటు మీదికి చిందాయి. ఆయన పట్టించుకోలేదు.

చాయ్ హోటల్ ముందు భూమక్క లేదు. హోటలాయన "ఏం రంగు చీర?" అని అడిగాడు. పన్నెండో నంబరు చెప్పుల రంగు గుర్తుంది. ఇరవయ్యో నంబరు ముక్కుపుడక గుర్తుంది. భార్య చీర రంగు ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. రోడ్డు మధ్యలో అటూ ఇటూ చూశాడు. ఎదురుగా బస్టాండు. అప్పుడు వెలిగింది. ఇన్ని గంటలకు, ఇన్ని స్టేజీలకు.

ఎల్లారెడ్డి ప్లాట్‌ఫారం పక్కన, ఆయన ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్న సిమెంటు బల్ల మీద, ఒళ్లో టిఫిన్ గిన్నెతో భూమక్క కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర. ఎంకయ్య కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆకుపచ్చే.

"వచ్చినవా, కండక్టర్ సారూ" అంది.

ఎంకయ్య బల్ల మీద కూలబడ్డాడు. ఊపిరి అందడానికి కాస్త సేపు పట్టింది. "భయం గాలేదానె?"

"ఎందుకు? తప్పిపోతే ఏడున్నోల్లు ఆడనే ఉండుండ్రి, నేనొస్త అని పొద్దటి సంది పదిమాట్ల జెప్పినవ్ గదా." ఆమె గిన్నె మీది గొళ్లెం తీస్తూ ఆగింది. "అది టికెట్లున్నోల్లకే జెప్పినవో, నాకు గూడ జెప్పినవో తెల్వలే. సూద్దామని కూసున్న."

ఎంకయ్య ముఖం దించుకున్నాడు. చిన్నపిల్లవాడిలా ముక్కు ఎగబీల్చాడు. "భూమీ, తప్పయింది. ఇయ్యాల్టిది గాదు. గా దినం లింగంపేట కాడిది" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఉద్యోగం గురించి, చెకింగ్ గురించి, సస్పెండ్ గురించి ఎన్నో చెప్పాడు. ఈ ఒక్క మాట మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్పాక ఆగలేకపోయాడు. "బండాయన అడిగితే ఇప్పుడు గూడ ముందుగాల సామాను మర్శిపోయిన అని జెప్పిన."

"సామానా?" భూమక్క కళ్లు పెద్దవి చేసింది.

"మల్ల జెప్పిన. సామాను గాదు, నా పెండ్లాం అని. గట్టిగ అరిసి జెప్పిన."

"ఎంత దూరం పోయినంక?"

"ఒక కిలోమీటర్."

భూమక్క ఆగి ఉన్న బస్సుల వైపు చూసింది. "గా దినం గూడ ఒక కిలోమీటర్ పోయినంకనన్న జెప్పేదుండె" అంది మెల్లగా. కానీ గొంతులో ముల్లు లేదు. ఆమె మీద ప్రేమతో ఎంకయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. దానిని దాచుకోవడానికి టిఫిన్ గిన్నె మూత తాను తీశాడు.

జొన్నరొట్టెలు, నువ్వుల పొడి, కోసిపెట్టిన ఉల్లిగడ్డ. రొట్టెలు పొద్దుటివి, గట్టిపడ్డాయి. ఇద్దరూ తుంచుకుని తిన్నారు. ఆమె బల్ల అంచు చేత్తో తడిమి చూసింది. "రోజు ఇట్ల కూసుంటుంటివా? ఎటు మొకం వెట్టి?"

"అటు. ఎల్లారెడ్డి బస్సులొచ్చే దిక్కు. గిన్నె వస్తదని సూస్తుంటి."

"గిన్నె కోసమే సూస్తుంటివా?"

"గిన్నె కోసమే సూస్తున్ననని అనుకుంటుంటి" అన్నాడు ఎంకయ్య. భూమక్క నవ్వు కొంగు చాటుకు పోయింది. "గా మసీదుల బండ ముచ్చట అబద్ధం గాదు పో. నేను గీడ కూసున్న, నువ్వు తిరిగొచ్చినవ్" అంది. పొద్దుటి నుంచి ఎంకయ్య ఎదురుచూసిన మెప్పు అదే కాబోలు. అంతకన్నా ఎక్కువ ఆయన కూడా అడగలేదు.

ఏడు గంటల ఎల్లారెడ్డి బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఇద్దరూ ఎక్కి పక్కపక్కన కూర్చున్నారు. ఎంకయ్యకు చేతులు ఏం చేసుకోవాలో తోచలేదు. ఈ రూటులో ఆయన సీట్లో కూర్చుని వెళ్లడం చాలా అరుదు. కిటికీ పక్క సీటు భూమక్కకు ఇచ్చాడు.

కండక్టర్ కుర్రాడు కొత్త. జేబు మీద శైలేందర్ అని పేరుంది. చేతి మిషన్ పట్టుకుని వచ్చి, భూమక్క ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చాడు. తర్వాత ఎంకయ్య వైపు చూశాడు. పాలు చిందిన ప్యాంటు, చెదిరిన జుట్టు, మెడలో విజిల్.

"ఈ పెద్దాయన ఎవరవ్వా? నీ ఎంబడేనా?"

భూమక్క తల తిప్పి ఎంకయ్యను పైనుంచి కింది దాకా తీరిగ్గా చూసింది.

"ఎవరో ప్యాసింజర్, బిడ్డా" అంది.

ఎంకయ్యకు ముప్పై ఏళ్లుగా ఆ మాట తన నోటి వైపు నుంచే తెలుసు. చెవి వైపు నుంచి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఒక్క క్షణంలో సీటు ఎత్తు నుంచి కింద పడ్డట్టయింది. ఆ రోజు ఆమె చంకలో పిల్లతో, అందరి ముందు, ఈ మాట విని కూడా ఎల్లారెడ్డి దాకా కూర్చుని వచ్చింది. ఎంకయ్య జేబులోంచి పైసలు తీసి, "ఎల్లారెడ్డి ఒకటి" అన్నాడు.

శైలేందర్ టికెట్ ఇచ్చి ముందుకు వెళ్లాడు. రెండు సీట్లు దాటాడో లేదో భూమక్క కేక వేసింది.

"ఓ బిడ్డా! జర గిట్ల రా."

"ఏందవ్వా?"

"ఈయన మా ఇంటాయన." ఆమె ఎంకయ్య చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బస్సంతా వినేట్టు చెప్పింది. "జర మర్శిపోయే గుణమున్నది. ఎల్లారెడ్డిల దిగేటప్పుడు మమ్మల్ని లెక్కవెట్టి దింపు."

"ఎంతమంది అవ్వా?"

"ఇద్దరం."

శైలేందర్ నవ్వి, వేలితో గాల్లో ఇద్దరినీ లెక్కపెట్టి, తలుపు వైపు నడిచి విజిల్ వేశాడు. ఎంకయ్య చెయ్యి అలవాటుగా తన మెడలోని విజిల్ మీదికి పోయింది. భూమక్క పట్టు వదలకపోవడంతో సగంలోనే ఆగిపోయింది. బస్సు బస్టాండు దాటి ఎల్లారెడ్డి దారి పట్టింది.